78 వేల సోలార్ సబ్సిడీ: ఏడాది వాడాక మా ఇంటి రివ్యూ

నమస్తే అండీ. నా వెనకాల కనిపిస్తున్నవి మా డాబా మీది సోలార్ ప్యానెళ్లు, మొత్తం మూడు కిలోవాట్లు. పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన, అంటే ఉచిత కరెంటు పథకం కింద పెట్టించాం. బిగించిన వారంలోనే వీడియో చేయమని చాలామంది అడిగారు. మండే ఎండలూ, ముసురు పట్టిన రోజులూ రెండూ చూశాకే మాట్లాడాలని ఏడాది ఆగాను.

ముందు సబ్సిడీ లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకానికి కేంద్రం 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. కోటి ఇళ్లకు ఇవ్వాలన్నది లక్ష్యం. ఒక కిలోవాట్ పెట్టుకుంటే 30 వేలు, రెండు పెట్టుకుంటే 60 వేలు, మూడుకి 78 వేలు ఇస్తారు. అక్కడితో సరి. ఐదు కిలోవాట్లు పెట్టినా వచ్చేది ఆ 78 వేలే. మొదటి రెండు కిలోవాట్లకు ప్రభుత్వం ఒక ధర లెక్కగట్టి అందులో 60 శాతం, మూడోదానికి 40 శాతం భరిస్తోంది. అంటే చిన్న ఇంటికి ఎక్కువ ఆసరా. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

కానీ పథకం పేరులో ఉచిత కరెంటు అని ఉంది కదా అని, చేతి నుంచి రూపాయి పెట్టకుండా పని అయిపోతుందనుకోకండి. డబ్బు ముందు మనమే కట్టాలి. ప్యానెళ్లు బిగించి, వచ్చే కరెంటూ పోయే కరెంటూ రెండూ లెక్కపెట్టే నెట్ మీటర్ పెట్టి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు వచ్చి చూసి సరే అన్నాక సబ్సిడీ మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంత సొమ్ము సర్దుకోలేనివాళ్లకు మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకు లోన్ ఉంది.

మాకు మొదటి అడుగులోనే టెన్షన్ పట్టుకుంది. కరెంటు మీటరు నాన్నగారి పేరున ఉంది, దరఖాస్తు నా పేరున పెట్టాను. అది కుదరలేదు. సర్వీస్ పేరు మార్పించి మళ్లీ మొదలుపెట్టేసరికి నెల గడిచిపోయింది. మీరు మాత్రం ముందే కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టుకుని పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉన్నా ఇప్పుడే సరిచేయించుకోండి.

ఇక అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన విషయం ప్యానెళ్ల ఎంపిక. ఒక వెండర్ మాకు మిగతావాళ్లకంటే బాగా తక్కువ ధర చెప్పాడు. డీసీఆర్ ప్యానెళ్లేనా అని అడిగితే మాట దాటేశాడు. ప్యానెల్ మాత్రమే కాదు, దాని లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైతేనే డీసీఆర్ అంటారు. అవి కాకపోతే సబ్సిడీ రాదు. ధరలో ఓ పాతిక వేలు మిగిలిందని సంతోషపడి 78 వేలు వదులుకున్నట్టవుతుంది. కొటేషన్ మీద డీసీఆర్ అని రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఐదేళ్ల మెయింటెనెన్స్ బాధ్యత వెండర్‌దేనని ఒప్పందంలో ఉందో లేదో కూడా చదవండి.

ఇంకో మాట. వీధిలో కరెంటు పోతే మన ఇంట్లోనూ పోతుంది, నడినెత్తిన ఎండ ఉన్నా సరే. ఈ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. తీగల మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి మన సోలార్ కరెంటు తగలకుండా ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. కారణం తెలిశాక నాకు బాధ లేదు, ఒక మనిషి ప్రాణం కదా. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో బ్యాటరీ కావాలంటే దాని ఖర్చు పూర్తిగా మనదే, సబ్సిడీ రాదు.

ఫలితం చెబుతాను. మంచి ఎండ రోజున మాకు 12 యూనిట్లకు అటూఇటూ వస్తోంది. ముసురు రోజుల్లో మూడు నాలుగు యూనిట్లే. పగలు మిగిలింది గ్రిడ్‌కి, అంటే వీధి కరెంటు లైన్లలోకి వెళ్తుంది, రాత్రి వాడుకున్నదాంట్లో అది తగ్గిస్తారు. బిల్లు సున్నా కాలేదు, స్థిర ఛార్జీలు కడుతూనే ఉన్నాం. అయినా వేసవిలో ఏసీ వేయడానికి అమ్మ ఇప్పుడు వెనకాడడం లేదు. నాకు అదే పెద్ద లాభం.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇల్లు అప్పు చేసి మరీ సోలార్ పెట్టాల్సిన తొందర లేదు. నెలకి 250, 300 యూనిట్లు కాలుస్తూ, డాబా మీద 300 చదరపు అడుగులు నీడ పడని చోటు ఉన్నవాళ్లకు మూడు కిలోవాట్లు సరిగ్గా సరిపోతాయి. పన్నెండు నెలల పాత బిల్లులు తీసి యూనిట్లు కూడండి. ఆ తర్వాతే వెండర్‌కి ఫోన్ చేయండి. రిజిస్ట్రేషన్ మాత్రం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీరే చేసుకోండి, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.