పై చెరువులో కరెంటు దాచడం: పంప్డ్ స్టోరేజీ లెక్కలు

[తెరపై: మిట్టమధ్యాహ్నం సోలార్ ప్యానెళ్లు. వెంటనే రాత్రి ఏడు గంటల వీధి.]

మధ్యాహ్నం పన్నెండింటికి సోలార్ కరెంటు మిగిలిపోతుంది. రాత్రి ఏడింటికి లైట్లు, ఏసీలు, మోటార్లు అన్నీ ఒక్కసారే పడతాయి. అప్పటికి ప్యానెల్ నుంచి ఏమీ రాదు. మధ్యాహ్నపు మిగులుతో నీళ్లను పై చెరువుకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పడమే పంప్డ్ స్టోరేజీ.

[తెరపై: ముప్పై అంతస్తుల మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు.]

ఈ ట్యాంకు 100 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఆ నీళ్లన్నీ టర్బైన్ మీదుగా దించితే వచ్చేది పావు యూనిట్. ఒక ఫ్యాను మూడు గంటలు తిరుగుతుంది, అంతే. ఒక యూనిట్ కావాలంటే ఇలాంటి ట్యాంకులు నాలుగు కావాలి.

అదే లెక్కన 1,000 మెగావాట్లు ఆరు గంటల పాటు ఇవ్వాలంటే 60 లక్షల యూనిట్లు. 100 మీటర్ల ఎత్తు నుంచి అయితే దాదాపు 0.87 టీఎంసీ నీళ్లు కావాలి. ఎత్తు 300 మీటర్లుంటే అందులో మూడో వంతు చాలు. చెరువు చిన్నదవుతుంది, మునిగే భూమి తగ్గుతుంది. అందుకే స్థలం వెతికేవాళ్లు ముందు చూడాల్సింది కొండ ఎత్తు.

[తెరపై: రివర్సిబుల్ యంత్రం అడ్డుకోత బొమ్మ.]

తోడేదీ, కరెంటు తీసేదీ ఒకటే యంత్రం. ఒకవైపు తిరిగితే టర్బైన్, తిరగేసి తిప్పితే పంపు. కానీ నీళ్లలో మునిగి ఉన్న అంత బరువైన చక్రాన్ని ఒక్కసారిగా తిప్పలేం. ముందు గైడ్ వేన్లు, అంటే చక్రంలోకి నీటి దారిని తెరిచి మూసే రెక్కలు, మూస్తారు. కంప్రెస్డ్ గాలి పంపి చక్రం చుట్టూ ఉన్న నీళ్లను కిందికి నెడతారు. ఖాళీలో చక్రం పూర్తి వేగం అందుకున్నాక గ్రిడ్‌తో కలుపుతారు. తర్వాత గాలి వదిలేసి, నీళ్లు నిండాక వేన్లు తెరుస్తారు. అప్పుడే నీళ్లు పైకెక్కడం మొదలవుతుంది.

ఈ చక్రాన్ని కింది చెరువు నీటిమట్టం కన్నా బాగా లోతున పెడతారు. లోతు చాలకపోతే చక్రం దగ్గర పీడనం పడిపోయి, నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి, లోహం మీద పేలతాయి. ఉక్కు కూడా చెదలు తిన్న కర్రలా గుంటలు పడుతుంది. దీన్నే క్యావిటేషన్ అంటారు. కింది చెరువు మట్టం పడిపోతే పంపింగ్ ఆపేయక తప్పదు.

[తెరపై: నాగార్జునసాగర్ ఆనకట్ట, దిగువన కృష్ణ.]

కింది చెరువు ఎంత ముఖ్యమో సాగర్‌ని చూస్తే తెలుస్తుంది. అక్కడ 110 మెగావాట్ల మామూలు యంత్రం ఒకటి, 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యంత్రాలు ఏడు ఉన్నాయి. 100 మీటర్ల ఎత్తుకి తోడేటప్పుడు అలాంటి యంత్రం ఒక్కటే మూడు వేల క్యూసెక్కులు లాగుతుంది. ఏడూ తిరిగితే ఇరవై వేలు దాటుతుంది. టర్బైన్ దాటిన నీళ్లు నదిలో పడి వెళ్లిపోతే మర్నాడు తోడడానికి ఏం మిగులుతుంది? రివర్సిబుల్ యంత్రాలు 1980ల్లోనే వచ్చాయి. దిగువన నీళ్లు నిలిపే టెయిల్ పాండ్ మాత్రం చాలా ఏళ్లకు గానీ రాలేదు. అన్నాళ్లూ తోడే సత్తా ఉన్న యంత్రాలు మామూలు టర్బైన్లుగానే తిరిగాయి. ఇది నిజంగా బాధపడాల్సిన విషయం.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి దూరంగా రెండు చెరువులు కట్టారు. గోరకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నింపాక, అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతాయి. తర్వాత ఎండకు ఆవిరైనంత పోస్తే చాలు.

ఇక నష్టం సంగతి. 100 యూనిట్లు తిరిగి రావాలంటే 125 నుంచి 130 యూనిట్లు పెట్టి తోడాలి. మూడు రూపాయలకు కొన్న కరెంటు, కట్టడం ఖర్చు కలపకముందే నాలుగు రూపాయలకు దగ్గరవుతుంది. పగటి సోలార్ చవగ్గా దొరికినప్పుడే ఇది గిట్టుబాటు.

[తెరపై: రాయలసీమ గాలిమరలు, ఆషాఢ మబ్బులు.]

మన దగ్గర గాలి బలమంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. ఆ కరెంటును ఏప్రిల్ ఎండలకు దాచగలమా? రోజూ నింపి వదిలితే ఒక చెరువు ఏడాదికి 300 సార్లు పని చేస్తుంది. ఏప్రిల్ దాకా ఆపితే పని చేసేది ఒక్కసారే. అదే చెరువు, అదే ఖర్చు, మూడు వందల వంతుల్లో ఒక వంతు కరెంటు.