కట్ట మీద నుంచి తెలంగాణ

(హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో జరిగిన పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తెలంగాణ చరిత్ర, భూగోళం, చూడదగ్గ స్థలాలు అని నాకు అంశం ఇచ్చారు. చార్మినార్, గోల్కొండ, వేయి స్తంభాల గుడి, యాదగిరిగుట్ట, భద్రాచలం... ఈ జాబితా మీకు నోటికొచ్చు. దాన్నే నేను మళ్లీ చదివితే మర్యాద కోసం కూర్చుంటారు గానీ లోపల తిట్టుకుంటారు. అందుకని వేరే దారిన వెళ్తాను. ఈ నేల ఎటు వాలింది, అడుగున ఏ రాయి ఉంది, వాన నీళ్లు ఎటు పోతాయి అన్నది తెలిస్తే ఏ కోట ఎందుకక్కడ కట్టారో, ఏ గుడి పక్కన చెరువెందుకుందో దానంతటదే తెలుస్తుంది. ఈ రాష్ట్రాన్ని చెరువు కట్ట మీద నిలబడి చూడటం మొదలుపెట్టాలన్నది నా వాదన.

1,12,077 చదరపు కిలోమీటర్ల రాష్ట్రం మనది. సముద్రం లేదు. ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ. రెండు మహానదుల మధ్య ఉన్న నేలకు నీళ్ల కరువేంటని బయటివాళ్లు అడుగుతుంటారు. నదులేమో లోయల్లో పారుతాయి, ఊళ్లేమో పీఠభూమి మీదున్నాయి. మనం కూర్చున్న ఈ హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డు 100 మీటర్లు కూడా ఉండదు. కింద పారే నీటిని పైకి తోడే యంత్రాలు లేని కాలంలో ఇక్కడి రైతుకు ఆ నది ఉన్నా లేనట్టే. మిగిలింది వాన ఒక్కటే.

ఆ వాన కూడా నేలలోకి సులువుగా ఇంకదు. అడుగున ఉన్నది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. మౌలాలి గుట్ట, గోల్కొండ కొండ, జూబ్లీహిల్స్‌లో ఇంకా పగలగొట్టకుండా మిగిలిన నాలుగు బండలు, అన్నీ ఆ రాయే. పైన పలచటి ఎర్ర చల్క నేల. వాన పడితే నీళ్లు జారిపోతాయి. రెండు గుట్టల నడుమ వాగు సన్నబడే చోట మట్టి కట్ట పోశారు. పొలాలకు నీళ్లు వదలడానికి తూము పెట్టారు, ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి కట్టారు. ఆ మత్తడి దుంకిన నీళ్లు కింది ఊరి చెరువులోకి, అక్కడ నిండితే ఆ కింది చెరువులోకి. దీన్నే గొలుసుకట్టు అంటాం. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పూడిక తీత మొదలుపెట్టినప్పుడు లెక్కకొచ్చిన చెరువులు, కుంటలు 46 వేల పైచిలుకు. సంఖ్య కన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ వాలు లెక్క. ఇప్పటి సర్వే పరికరాలేవీ లేకుండా ఆ మట్టాలు ఎట్లా కట్టారో చూడాలంటే వానకాలంలో ఒక చెరువు నుంచి కింది చెరువుకు నడిచి వెళ్లాలి. ఏ టూరు ప్యాకేజీలోనూ ఆ నడక ఉండదు.

ఇప్పుడు రామప్పకు వెళ్దాం. ములుగు జిల్లా పాలంపేట. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయం అది. శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన నగరం నుంచి వెళ్లేవాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? గుడి ముందు ఫొటో, ప్రసాదం, వెంటనే లక్నవరం వేలాడే వంతెన. నేనేమంటానంటే ముందు చెరువు కట్ట ఎక్కండి. గుడికి కొద్ది దూరంలోనే ఉంది. చుట్టూ గుట్టలు, ఒక్క వైపు కట్ట, దాని కింద వరి మళ్లు. అక్కడ నిలబడితే ఆ గుడికి ధూపదీప నైవేద్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో కళ్లకు కడుతుంది. చెరువు పారితే పంట, పంట పండితే శిస్తు, శిస్తు వస్తే శిల్పి ఉలికి పని. కాకతీయుల నాటి ఎన్నో ఊళ్లలో గుడి, చెరువు జంటగా కనిపిస్తాయి.

అప్పుడు గుడిలోకి రండి. గోడలు ఎర్రటి ఇసుకరాయి. కప్పు చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి స్త్రీ మూర్తులు డోలరైటుతో చెక్కినవి. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానలకు కూడా వాటి నునుపు పోలేదు. ఇంత గట్టి రాయి మీద నగల మధ్య సందులు కూడా తొలిచారు. గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళిలోని భంగిమలను ఇక్కడి శిల్పాలతో పోల్చి చూసిన నాట్యాచార్యులున్నారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాది కింద ఇసుక పెట్టె పద్ధతి, అంటే గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టడం. గ్రానైటు తక్కువై, ఇసుక, మట్టి ఎక్కువైన చోట బరువును ఎట్లా మోయించాలో వాళ్లకు బాగా తెలుసు. గైడ్లు తేలే ఇటుక కథనే పది నిమిషాలు చెప్తారు. నాకైతే ఆ ఇసుక పునాదే పెద్ద విషయం. అయితే అది కంటికి కనిపించదు కదా, పాపం వాళ్లు మాత్రం ఏం చూపిస్తారు!

పాఖాల, లక్నవరం చెరువులు కూడా కాకతీయుల కాలానివే. ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సేనలకు చిక్కింది, కోటలోని గుడి కూలింది, నాలుగు తోరణాలు మిగిలాయి. రాజ్యం పోయినా చెరువుల కింద సాగు ఆగలేదు. పాఖాల కింద ఇప్పటికీ వరి వేస్తున్నారు.

మన ఊరి సంగతికొస్తే, కుతుబ్‌షాహీలు కూడా ముందు చూసుకున్నది నీళ్లే. హుస్సేన్‌సాగర్ 1562లో కట్టారు, చార్మినార్ 1591లో లేచింది. ఊరి కన్నా చెరువు దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. గోల్కొండకు దుర్గం చెరువు నుంచి నీళ్లు వెళ్లేవి. మట్టి గొట్టాల్లో తెచ్చి, అంచెలంచెలుగా చక్రాలతో తోడి కొండ మీదికి ఎక్కించారు. కోటకు వెళ్లిన ప్రతివాళ్లూ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి వస్తారు. ఈసారి గోడల్లోని ఆ గొట్టాల కోసం వెతకండి. దుర్గం చెరువు కేబుల్ వంతెన మీద సాయంత్రం సెల్ఫీలు దిగే పిల్లలకు తాము ఒక కోట మంచినీళ్ల మీద నిలబడ్డామని ఎవరూ చెప్పరు.

ఈ సభకు కూతవేటు దూరంలో మూసీ ఉంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద ఈ అఫ్జల్‌గంజ్‌ను ఊడ్చేసింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువుల కట్టలు తెగాయి. గొలుసుకట్టుకు ఇది రెండో ముఖం. ఒకటి తెగితే దాని నీళ్లు కింది కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మీలో చాలామంది దాని పక్క నుంచి ఓపీ చీటీ కోసం పరుగెత్తే ఉంటారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల మేరకే వరదను పైనే ఆపడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం గండిపేట నీళ్లని మురిపెంగా చెప్పుకునేది వరద నుంచి కాపాడటానికి కట్టిన ఆ ఉస్మాన్‌సాగర్ చెరువు గురించే.

దక్షిణాన ఆలంపురం గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే అది చూసి తీరాల్సిన చోటు. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మదే, లోపల మాత్రం శివలింగాలు. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారు. నీళ్ల కోసం గుడిని జరపాల్సి వచ్చిన కాలం అది. నాగార్జునసాగర్ దగ్గరా అంతే. 1955లో శంకుస్థాపన జరిగింది, లోయలోని బౌద్ధ కట్టడాలను కొండ మీదికి చేర్చారు.

ఉత్తరానికి పోతే కథ మారుతుంది. గోదావరి, ప్రాణహిత లోయలో గ్రానైటు మీద వేల అడుగుల మందాన ఇసుకరాయి పొరలున్నాయి. ఆ లోయ ఒకప్పుడు కుంగిన నేల. అందులో అడవులు పూడి బొగ్గయ్యాయి. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ ఆ బొగ్గును గుర్తించాడు, తర్వాత సింగరేణి వచ్చింది. రామగుండం, మంచిర్యాల, కొత్తగూడెం ఊళ్లు పెరిగింది ఆ పొర వెంబడే. ఆదిలాబాద్ వైపు కడెం వాగు మీద కుంటాల జలపాతం, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర. జాతర కోసం గోండుల్లోని మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లు తేవడానికి కాలినడకన వెళ్తారు. జాతర చూడటానికి వెళ్తే కెమెరా కాసేపు సంచిలో పెట్టుకోండి, అది వాళ్ల పూజ. కుంటాలలో గుండం దగ్గరికి దిగకండి, ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ఎప్పుడు వెళ్లాలని అడుగుతారు. ఎండాకాలం సెలవులు మాత్రం వద్దు, అప్పుడు చెరువుల్లో శిఖం భూమి, అంటే ఎండిన చెరువు అడుగు తప్ప ఏమీ కనిపించదు. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా బాగుంటుంది. బతుకమ్మ రోజుల్లో అయితే ఏ ఊరి కట్ట మీద ఆగినా ఆ సాయంత్రం అక్కడే ఉండిపోతారు.

అంత దూరం ఇప్పుడే కుదరదనే వాళ్లు ఈ ఆదివారం నౌబత్ పహాడ్ ఎక్కండి. బిర్లా మందిరం పక్కనే సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది. జురాసిక్ కాలపు రాక్షసబల్లి, ప్రాణహిత లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది. పిల్లల్ని తీసుకెళ్లండి, టికెట్ డబ్బులు వృథా కావు. బయటికొచ్చాక వాళ్లు నిలబడ్డ గుట్ట గ్రానైటని, కింద కనిపించే హుస్సేన్‌సాగర్ ఊరికన్నా వయసులో పెద్దదైన చెరువని, లోపల చూసిన జంతువు ఇసుకరాయిలోంచి వచ్చిందని చెప్పండి. ఇక మీ ప్రశ్నలు అడగొచ్చు.