హైదరాబాద్ పేరు మోసిన పటాలం: 4 కుమావోన్ కథ

మిత్రులకు నమస్కారం. సైనిక చరిత్ర అంటే పతకాల జాబితా చదివేయడం మనకు అలవాటు. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క బెటాలియన్ కథ తీసుకుంటున్నాను, దాని ఓటములతో సహా. అది కుమావోన్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్. సైన్యంలో 4 కుమావోన్ అంటారు.

ఉత్తరాఖండ్‌లోని కుమావోన్ కొండలకీ మనకీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. చాలా ఉంది. 1945 అక్టోబరు 27 దాకా ఆ రెజిమెంట్ పేరు 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఈ బెటాలియన్ మూలాలు 1788లో, నిజాం ఏలుబడిలోని బేరార్‌లో ఉన్నాయి. ఎలిచ్‌పూర్ నవాబు సలాబత్ ఖాన్ కూర్చుకున్న పటాలం ఇది. ఆ ఊరే నేటి మహారాష్ట్రలోని అచల్‌పూర్. తర్వాత హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. జీతాలు నిజాం రాజ్యం ఆదాయం నుంచి, ఆజ్ఞలు ఇంగ్లీషు అధికారుల నుంచి! 1853లో బేరార్‌ను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది కూడా ఈ ఖర్చు లెక్కల మీదే. 1903లో కంటింజెంట్‌ను భారత సైన్యంలో కలిపేసి దీనికి 98వ పదాతి దళం అని నంబరు ఇచ్చారు. క్రమంగా జవాన్లు ఉత్తరాది వాళ్లయ్యారు, పేరు మాత్రం మనది మిగిలింది.

ఇక యుద్ధాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నవంబరులో, జర్మన్ల ఏలుబడిలోని తూర్పు ఆఫ్రికాలో టాంగా రేవులో దిగారు. మన వైపు దాదాపు ఎనిమిది వేల మంది, జర్మన్ల వైపు వెయ్యి పైచిలుకు. అయినా ఓడిపోయాం. వారాల తరబడి ఓడల్లో కుక్కి తెచ్చిన జవాన్లకు కాళ్లు కూడదీసుకునే వ్యవధి ఇవ్వలేదు. పైగా దాడికి ముందే బ్రిటిష్ వాళ్ల నుంచే రేవు అధికారులకు హెచ్చరిక వెళ్లింది. కాల్పులకు చెట్ల మీది తేనెటీగలు లేచి 98వ దళం మీద పడ్డాయి, వరసలు చెదిరిపోయాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ తేనెటీగల ముచ్చటే పెద్దది చేసి, నవ్వుతూ చెబుతారు. తప్పంతా వాటి మీదకు నెట్టేస్తే ఆ దాడిని ప్లాన్ చేసిన జనరల్ సంగతి ఎవరూ అడగరు కదా.

1922 నాటి పునర్వ్యవస్థీకరణలో ఇది 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ అయింది. తర్వాత సైన్యాధిపతి అయిన తిమ్మయ్య యువ అధికారిగా పనిచేసింది ఇందులోనే. రెండో ప్రపంచ యుద్ధంలో దీన్ని మలయాకి, అంటే నేటి మలేషియాకి, పంపారు. వారాల పాటు వెనక్కి తగ్గుతూ, నిద్ర లేక, అలసిపోయి స్లిమ్ నది దగ్గర ఆగారు. 1942 జనవరి 7 తెల్లవారకముందే జపాన్ ట్యాంకులు రోడ్డు వెంట దూసుకొచ్చాయి. ముందు వరసలో ఉన్నది మన వాళ్లే. ట్యాంకులను ఆపడానికి చాలినన్ని ఆయుధాలు లేవు. ఒక్క పూటలో రెండు బ్రిగేడ్లు (కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్) చితికిపోయాయి. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది, మిగిలిన వాళ్లు ఖైదీలయ్యారు. బెటాలియన్ కథ అక్కడితో ముగిసినట్టే.

ముగియలేదు. ఎందుకంటే అదే రెజిమెంట్‌లో కొత్తగా లేపిన 8వ బెటాలియనే తర్వాత 4 కుమావోన్ అయింది. అంటే ఇవాళ 1788 వారసత్వం చెప్పుకునే పటాలానికి మరో మూలం యుద్ధకాలంలో చేరిన కుర్రాళ్లలో ఉంది. ఈ 8వ బెటాలియన్‌ను 1945 జనవరిలో బర్మాలోని అరకాన్ తీరంలో జపాన్ వాళ్లతో జరిగిన కంగావ్ యుద్ధంలో నడిపింది తిమ్మయ్యే. ఆ 51వ బ్రిగేడ్‌లో మూడు బెటాలియన్ల కమాండర్లూ భారతీయులు: తిమ్మయ్య, థోరాట్, ఎల్.పి. సేన్. రోజుల తరబడి భీకరంగా పోరాడి గెలిచారు. మూడేళ్ల కిందట స్లిమ్ నది దగ్గర చెదిరిపోయిందీ ఇదే రెజిమెంట్ జవాన్లే. వాళ్లలో పిరికితనం ఉందని అప్పట్లో అన్నవాళ్లకు నా జవాబు కంగావ్. శిక్షణ, ఆయుధం, నడిపే మనిషి మారారు, అంతే.

ఆ 8వ బెటాలియన్‌లోనే సోమ్‌నాథ్ శర్మ అనే యువకుడు అధికారిగా చేరి బర్మాలో పోరాడాడు. 1947 నవంబరు 3న శ్రీనగర్ దగ్గర బడ్గామ్‌లో మేజర్‌గా 4 కుమావోన్‌లో డి కంపెనీ అనే విభాగానికి నాయకుడు. హాకీ ఆడుతూ విరిగిన ఎడమచేతికి ప్లాస్టర్ ఉంది, వద్దన్నా వెళ్లాడు. ఆ ప్రాంత బ్రిగేడ్ కమాండర్ ఎవరో తెలుసా? కంగావ్‌లో చూసిన అదే సేన్! మధ్యాహ్నం పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన వందల మంది దాడిదారులు మూడు వైపుల నుంచి విరుచుకుపడ్డారు. వాళ్లు దాటితే ఎదురుగా శ్రీనగర్ విమానాశ్రయం. అది పోతే మన సైన్యం దిగడానికి చోటుండదు. శర్మ కాల్పుల మధ్యే తిరుగుతూ, మ్యాగజైన్లలో తూటాలు నింపి లైట్ మెషిన్‌గన్ వాళ్లకు అందిస్తున్నాడు. మందుగుండు మీద మోర్టార్ గుండు పడి పేలడంతో ప్రాణం పోయింది. విమానాశ్రయం నిలిచింది. దేశపు తొలి పరమవీర చక్ర ఆయనదే. ఇంకో చిత్రం: ఆ పతకానికి రూపం ఇచ్చిన సావిత్రీ ఖానోల్కర్ కూతురు ఆయన సోదరుడి భార్య.

తర్వాతి యుద్ధాలను వదిలేసి, ఒక్క సియాచిన్ హిమానీనదం దగ్గర ఆగుతాను. 1984 ఏప్రిల్ 13న కెప్టెన్ సంజయ్ కులకర్ణి నాయకత్వంలో 4 కుమావోన్ ప్లాటూన్ (ఒక చిన్న దళం) చీతా హెలికాప్టర్లలో బిలాఫొండ్ లా కనుమ మీదికి చేరింది. ఎత్తు ఐదు వేల మీటర్లకు పైనే. వెంటనే మంచు తుఫాను పట్టేసింది, చాలామందికి వేళ్లు, పాదాలు గడ్డకట్టాయి. పాకిస్తాన్ సైన్యం అప్పటికి అక్కడ లేదు, వాళ్లను చంపజూసింది వాతావరణమే. బట్టలు, బూట్లు, తిండి ముందు నుంచీ సరిగ్గా అందాలంటే ఎంత పని ఉంటుందో టాంగా ప్లానర్లను అడగాలి.

ఇప్పుడు మీలో ఎవరో చైనా యుద్ధంలో పేరుపడ్డ లడఖ్ కనుమ రెజాంగ్ లా గురించి అడుగుతారని తెలుసు. అది మా నాలుగో బెటాలియన్ కాదు. 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్‌తో నిలిచింది 13 కుమావోన్ సి కంపెనీ. చెప్పాలంటే ఇంకో గంట కావాలి, కాబట్టి ముందు ఇవాళ్టి కథ మీద ప్రశ్నలు అడగండి.