ఆ ముగ్గురు పిల్లల నాన్న ఎవరు?

సభకు నమస్కారం.

విజయనగరంలో నిలబడి బొబ్బిలి యుద్ధం ఊసెత్తాలంటే ఇప్పటికీ కాస్త టెన్షనే. ఏ మాటకి ఎవరు నొచ్చుకుంటారో చెప్పలేం. 1757 జనవరి 24న కోటని కొట్టిన ఫిరంగులు ఫ్రెంచి సేనాని బుస్సీవే, కాదనను. కానీ ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది మన విజయరామరాజు. కోట లోపలా తెలుగువాళ్లే, బయటా తెలుగువాళ్లే. రంగారావు, పాపారాయుడు, మల్లమ్మదేవి... ఈ పేర్లు చిన్నపిల్లలకి కూడా వచ్చు. గోడ కింద పడి చచ్చిపోయిన మామూలు సిపాయి పేరు ఒక్కటి, ఎవరైనా చెప్పండి చూద్దాం.

నాకిచ్చిన అంశం అమెరికా అంతర్యుద్ధం కాబట్టి అక్కడికే వస్తాను. 1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న నాలుగేళ్లలో 6,20,000 మంది సైనికులు పోయారని చాలాకాలం లెక్క చెప్పుకున్నారు. తర్వాత జనాభా లెక్కలు తిరగేసినవాళ్లు 7,50,000 దాకా ఉండొచ్చంటున్నారు. అంత పెద్ద సైన్యంలో సిపాయికి తుపాకీ ఇచ్చారు, కోటు ఇచ్చారు. మెడలో వేసుకోవడానికి పేరున్న బిళ్ల మాత్రం ఇవ్వలేదు. అందుకని కొందరు యుద్ధానికి ముందు కాగితం ముక్క మీద పేరూ ఊరూ రాసి కోటుకి పిన్ను పెట్టుకునేవారు. రేపు నేను పోతే ఇంట్లోవాళ్లకి కబురైనా అందుతుందని.

1863 జులై 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్‌లో జరిగిన పోరులో ఒక సార్జంట్ చనిపోయాడు. ఒంటి మీద పేరు తెలిపే కాగితం ఏదీ లేదు. చేతిలో మాత్రం గాజుపలక మీద తీసిన ఫొటో ఉంది, ముగ్గురు పిల్లలది. అది చేతులు మారి ఫిలడెల్ఫియాలో ఒక డాక్టరుకి చేరింది. అప్పటి పత్రికల్లో ఫొటో అచ్చువేసే వీలు లేదు. అందుకని అక్టోబరు 19న ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ ఆ ఫొటోని మాటల్లో వర్ణించింది. పెద్దపిల్లాడికి తొమ్మిదేళ్లు ఉండొచ్చు, ఆడపిల్లకి ఏడు, మధ్యలో ఎత్తు కుర్చీలో చిన్నవాడు. పెద్దవాడి చొక్కా, చెల్లెలి గౌను ఒకే గుడ్డతో కుట్టినవి. నన్ను పట్టుకున్నది ఆ గుడ్డ సంగతే. పండక్కి ఒకే తానులోంచి పిల్లలందరికీ కుట్టించిన ఇళ్లు మనకి కొత్త కాదు. ఆ గుడ్డ కొన్న తల్లికి చదవగానే తెలిసిపోతుంది.

అలాగే జరిగింది. ఆ వర్ణన ఇంకో పత్రిక ద్వారా న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే చిన్న ఊరు చేరింది. అక్కడ ఫిలిండా హ్యూమిస్టన్‌కి గెటిస్‌బర్గ్ తర్వాత భర్త ఏమోస్ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆ ఫొటో పంపింది ఆవిడే. నవంబరులో దాని నకలు చేతికొచ్చాకే తను విధవనని ఆవిడకి ఖాయంగా తెలిసింది.

మనవైపు శవం దొరక్కపోతే మోదుగాకులతో, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేయిస్తారు. దానికైనా మనిషి పోయాడని ముందు తెలియాలి కదా.

ఆ శీతాకాలంలోనే గెటిస్‌బర్గ్‌లో గుంతలు తవ్వి శవాల్ని కొత్త శ్మశానానికి మార్చారు. శవానికి 1.59 డాలర్ల లెక్కన కాంట్రాక్టు. తవ్విన పని బేసిల్ బిగ్స్ అనే నల్లజాతి రైతుదీ, అతని మనుషులదీ. (ఆ శ్మశానాన్ని అంకితం చేస్తూ అధ్యక్షుడు లింకన్ చేసిన ప్రసంగం అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. ఆయన మాట్లాడిన రోజుకి పాతిపెట్టడం సగం కూడా కాలేదు.) పైన నిలబడి చూసుకున్నవాడు శామ్యూల్ వీవర్. ఇనుప కొక్కెంతో బట్టలు పైకెత్తి, జేబులన్నీ వెతికేవాడు. పేరు కోసమే కాదు, అది ఉత్తరాది సైనికుడిదో కాదో తేల్చడానికి. దక్షిణాది వాడి శవం ఒక్కటి కూడా లోపలికి రానివ్వలేదని తన నివేదికలో గట్టిగా రాసుకున్నాడు.

అంతర్యుద్ధం అంటే నాకు కనిపించేది అదే. తుపాకులు ఆగిపోయాక కూడా కొక్కెం పట్టుకుని మనవాడా, పరాయివాడా అని చూడడం.

దక్షిణాది వాళ్లు పొలాల్లో పూడ్చినచోటే మరో ఎనిమిది, పదేళ్లు ఉండిపోయారు. 1871 నుంచి 73 దాకా దక్షిణాది మహిళా సంఘాలు పూనుకుని వాళ్లని సొంత గడ్డకి తెప్పించుకున్నాయి. ఆ పని చేసిపెట్టిన డాక్టర్ రూఫస్ వీవర్ ఎవరనుకున్నారు? ఆ శామ్యూల్ కొడుకే. 3,320 మంది అవశేషాలు తవ్వి, పెట్టెల్లో సర్ది పంపాడు. అతనికి రావాల్సిన బాకీ ఎవరూ పూర్తిగా తీర్చలేదు.

బొబ్బిలి సిపాయిల పేర్లు ఇప్పుడు మనం తేలేం. ప్రపంచ యుద్ధాలకి వెళ్లి తిరిగిరాని మన జిల్లాలవాళ్ల సంగతి అలా కాదు. ఆ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోయినవాళ్ల పేర్లు భద్రపరిచే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. బర్మాలోని రంగూన్ స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం అని కొడితే దొరక్కపోవచ్చు. అప్పటికి ఈ జిల్లాలే లేవు, విశాఖపట్నం అని చూడాలి. మొదటి యుద్ధమైతే శ్రీకాకుళం, టెక్కలి వైపువాళ్లకి గంజాం అని చూడండి. తండ్రి పేరూ ఊరి పేరూ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి దగ్గర పెట్టుకోండి. మన పేర్లకి అక్కడ స్పెల్లింగులు మాత్రం ఘోరంగా ఉంటాయి.