దవడ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా

శ్రోతలకు నమస్కారం.

ఊడిన బొత్తాం కుట్టుకుని, చివర మిగిలిన దారాన్ని ముందు పళ్ళతో పుటుక్కున తెంపేస్తాం. అదీ ఒక పనేనా అనుకుంటాం. కానీ కొందరు నోరు ఎంత గట్టిగా మూసినా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య సందు ఉండిపోతుంది. వాళ్ళకు ఆ దారం తెగదు. ఇంకొందరికి కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది, లేదా వెనక్కి పోయి గడ్డమే లేనట్టు కనిపిస్తుంది. అక్కడ తేడా పళ్ళలో కాదు, పళ్ళు నిలిచిన ఎముకలో. క్లిప్పులు పళ్ళను జరుపుతాయి కానీ, ఎదుగుదల ఆగిపోయిన దవడను జరపలేవు. దానికి ఆపరేషన్ కావాలి.

“అందం కోసమేగా” అని తీసిపారేసేవాళ్ళంటే నాకు కాస్త కోపం. నమలడం, మాట పలకడం, ఊపిరి తీసుకోవడం అన్నీ ఆ ఎముకతో ముడిపడినవే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బున్న కొందరికి రెండు దవడలూ ముందుకు జరిపి, గొంతు వెనక గాలి దారిని వెడల్పు చేస్తాం.

ఆపరేషన్ కొన్ని గంటల పనే. చికిత్స మొత్తానికి మాత్రం రెండేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. ముందు ఎదుగుదల పూర్తవ్వాలి. అమ్మాయిల్లో అది కాస్త ముందే ఆగుతుంది, అబ్బాయిల్లో 18 దాటాక కూడా కింది దవడ పెరగొచ్చు. ఆ తర్వాత 12 నుంచి 18 నెలలు క్లిప్పులు. ఇక్కడే చాలామంది బెంబేలెత్తిపోతారు. దవడల తేడాను కప్పిపుచ్చడానికి పళ్ళు ఇన్నేళ్ళుగా అటో ఇటో ఒరిగి ఉంటాయి. క్లిప్పులు వాటిని నిటారుగా నిలబెట్టేసరికి అసలు తేడా బయటపడుతుంది. “బాగు చేయించుకుందామని వస్తే ఇంకా వికారంగా తయారయ్యానేంటండీ” అని అద్దం పట్టుకుని అడుగుతారు. అడగకముందే ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత మాదే.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరుగుతుంది. కోత దాదాపు అంతా నోటి లోపలే కాబట్టి ముఖం మీద మచ్చ పడదు. పై దవడను పళ్ళ వేళ్ళకు పైన అడ్డంగా కోస్తాం. ముఖం ఎముకలు దెబ్బ తగిలితే ఏ గీతల వెంట విరుగుతాయో శవాల మీద పరిశీలించి, లెఫోర్ అనే ఫ్రెంచి సర్జన్ 1901లో వివరించాడు. ఆ గీతల్లో ఒకటే ఇప్పుడు మేం కోసే దారి. కింది దవడను మాత్రం దంతాల వరస వెనక నిలువునా రెండు పొరలుగా చీలుస్తాం. అప్పుడది అగ్గిపెట్టె అరలా ముందుకో వెనక్కో జారుతుంది. కొత్త చోట టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తాం. ఈ ప్లేట్లు రాకముందు రెండు దవడల్నీ తీగలతో కట్టేసి వారాల తరబడి నోరు మూసే ఉంచేవారు. ఇప్పుడు చాలామందికి రబ్బరు బ్యాండ్లతో సరిపోతుంది.

మర్నాటికే తగ్గుతుందనుకునే వాపు రెండో రోజు, మూడో రోజు ఇంకా పెరుగుతుంది. కంగారు పడకండి. ముప్పాతిక భాగం రెండు మూడు వారాల్లో దిగుతుంది, మిగిలినది నెలల మీద. పై దవడకు చేసి ఉంటే ముక్కు దిబ్బడేసినా చీదకూడదు. తిండి మొదట పూర్తిగా ద్రవాలే, తర్వాత మెత్తనివి. నమలడానికి సుమారు 6 వారాలు ఆగాలి. బరువు కాస్త తగ్గుతారు. మొదటి రెండు వారాల్లో ఏడుపు రావడం, ఎందుకు చేయించుకున్నానా అనిపించడం మామూలే. ఇంట్లోవాళ్ళు అప్పుడు ముఖం గురించి వ్యాఖ్యానాలు చేయకపోతే అదే పెద్ద సాయం. రక్తం ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా, పళ్ళు కలిసే తీరు ఉన్నట్టుండి మారినా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇక మొద్దుబారడం. స్పర్శ తెలిపే నరం కింది దవడ ఎముక లోపలి నుంచే వెళ్తుంది. అందుకే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కినట్టుంటాయి. నీళ్ళు తాగుతుంటే గడ్డం మీదుగా కారి చొక్కా తడిసేదాకా తెలియదు. చాలామందికి వారాల్లో, నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కొంత మేర శాశ్వతంగా ఉండిపోతుంది. సంతకం పెట్టేముందే దీన్ని విడమరిచి అడిగి తెలుసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ముందుగా వచ్చేది దురద. “పెదవి మీద చీమలు పాకుతున్నట్టుందండీ” అని చిరాగ్గా ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ కోసమే నేను ఎదురుచూస్తుంటాను.