నైజీరియా వాళ్ళకి ఇన్ని సంఘాలెందుకు? చీటీ తెలిస్తే చాలు

నమస్తే. హ్యూస్టన్‌లోనో, లండన్‌లోనో ఉండే మనవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటుంది. "నైజీరియా ఒకటే దేశం కదండీ, ఒక్క సిటీలో ఇన్ని సంఘాలేంటి? వాళ్ళలో వాళ్ళకి పడదా?" అడిగే పెద్దమనిషి అమెరికా తెలుగు సంఘాలైన తానాలోనో, ఆటాలోనో మెంబరై ఉంటాడు. 1977లో తానా, 1990లో ఆటా, ఆ తర్వాతవి మీరే లెక్కపెట్టుకోండి. సరే, ఆ గొడవ మనకొద్దు.

నాకు చిరాకు తెప్పించేది ఏంటంటే, పెద్ద సంఘం చీలితేనే చిన్నవి పుడతాయని అనుకోవడం. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకునే ఊరి సంఘాలు చీలికలు కావు. వాటి పనే వేరు. అది అర్థం కావాలంటే చీటీ దగ్గరికి వెళ్ళాలి.

[స్క్రీన్ మీద: చీటీల పుస్తకం]

ఇరవై మంది, నెలకి ఐదు వేలు. మూడో నెలలోనే చీటీ ఎత్తుకున్న మనిషి మిగతా పదిహేడు నెలలూ కడుతుందని నమ్మకమేంటి? కాగితం కాదు. ఆవిడ ఇల్లెక్కడో తెలుసు, ఆవిడ వదినగారి పుట్టిల్లు కూడా తెలుసు. ఎగ్గొడితే పోయేది పరువు. నైజీరియాలోనూ ఇదే ఉంది. అక్కడి పెద్ద జాతుల్లో యోరుబా వాళ్ళు ఎసుసు అంటారు, హౌసా వాళ్ళు అదాషే అంటారు. మన చీటీలో పాట ఉంటుంది, ముందు కావాలంటే కొంత వదులుకోవాలి. ఎసుసులో పాట లేదు, వంతు వచ్చినవాళ్ళకి మొత్తం ఇచ్చేస్తారు. అంటే నమ్మకం ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు ఈ చీటీనే కాస్త సాగదీద్దాం. నైజీరియాలోనే ఇంకో పెద్ద జాతి ఇగ్బో; వాళ్ళ కుటుంబాల్లో మనిషి ఎక్కడ పోయినా సొంతూళ్ళోనే పూడ్చాలన్న పట్టుదల గట్టిది. విదేశం నుంచి శవాన్ని విమానంలో పంపాలంటే మామూలు ఖర్చు కాదు. అందుకే ఊరి సంఘంలో సభ్యుడు పోతే మిగతావాళ్ళు తలా ఇంత వేసుకుంటారు. ఇదీ చీటీయే, కాకపోతే ఎవరూ తొందరపడి ఎత్తుకోవాలనుకోని చీటీ. మరి చందా బకాయి ఉన్నవాడి ఇంట్లో చావు జరిగితే? దీనికి జవాబు నియమావళిలో ముందే రాసిపెట్టుకోవాలి. శవం ఆసుపత్రిలో ఉండగా తేల్చుకునే విషయమా ఇది!

ఎగ్గొట్టి తప్పించుకోలేడా అంటే, కష్టం. ఊరి సంఘం అసలు ఆఫీసు ఊళ్ళోనే ఉంటుంది. లాగోస్‌లో ఒక శాఖ, లండన్‌లో ఇంకొకటి. ఇక్కడ ఎగ్గొడితే అక్కడ తల్లి వింటుంది. ఇగ్బో ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోబోతే 1967 నుంచి 1970 దాకా జరిగిన యుద్ధం తర్వాత ఇగ్బో ప్రాంతంలో బడులు, రోడ్లు మళ్ళీ నిలబెట్టడంలో ఈ సంఘాల డబ్బు చాలానే ఉంది. 250కి పైగా జాతులున్న దేశం మొత్తాన్నీ కలిపి ఇలాంటి చీటీ వేయమంటే ఎలా? వదినగారి పుట్టిల్లు ఎవరికి తెలుసు?

"మరి ముందు అందరూ కలిసే ఉన్నారు కదా" అంటారు. ఉన్నారు. 1925లో లండన్‌లో లాడిపో సోలాంకే వగైరా పెట్టిన పశ్చిమ ఆఫ్రికా విద్యార్థుల యూనియన్‌లో నైజీరియా ఒక్కటే కాదు, చుట్టుపక్కల దేశాల వాళ్ళూ ఉన్నారు. కొద్దిమంది విద్యార్థులు, అందరికీ ఒకటే బాధ: నల్లవాళ్ళకి గది అద్దెకివ్వరు. సోలాంకే ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి తెచ్చాక 1933లో హాస్టల్ తెరిచారు. తర్వాత 1945లో అదే లండన్‌లో, లా చదువుతున్న ఒబాఫెమి అవోలోవో యోరుబా వాళ్ళ కోసం ఎగ్బే ఓమో ఒడుదువా అనే సంఘం పెట్టాడు. గది కోసమైతే ఎవరితోనైనా కలుస్తాం. చీటీ అలా కాదు.

[స్క్రీన్ మీద: ప్లేటులో కోలా గింజలు]

ఇగ్బో సంఘం మీటింగు కోలా గింజతో మొదలవుతుంది. ప్లేటు అందరి ముందుకీ తిప్పుతారు, పెద్దాయన ప్రార్థన చేస్తాడు, అదీ ఇగ్బోలోనే. కోలాకి ఇంగ్లీషు రాదని వాళ్ళ మాట. విరిచాక పలుకులు లెక్కపెడతారు. నాలుగొస్తే మంచిది, ఏకే, ఒరియే, ఆఫో, న్‌క్వో అని వాళ్ళ సంత రోజులు నాలుగు కదా. కోలా చేదుగా ఉంటుంది, ఆడవాళ్ళు విరవకూడదన్న ఆచారం నాకు ఇంకా చేదు.

తర్వాత ప్రోవోస్ట్ లేస్తాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి, మధ్యలో అరిచినవాళ్ళకి జరిమానా వేయడం ఇతని పని. మన సంఘాలకి వెంటనే కావాల్సిన పోస్టు! ఫైనాన్షియల్ సెక్రటరీ వేరు, ట్రెజరర్ వేరు. చీటీ భాషలో చెప్పాలంటే పుస్తకం రాసేవాళ్ళ దగ్గర డబ్బుండదు, డబ్బు దాచేవాళ్ళ దగ్గర పుస్తకం ఉండదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. రిజిస్ట్రేషన్: ఇంగ్లండ్‌లో చారిటీకి ఏడాది ఆదాయం 5,000 పౌండ్లు దాటితే చారిటీ కమిషన్‌లో నమోదు తప్పనిసరి. అమెరికాలో విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు రావాలంటే సంఘానికి 501(సి)(3) అనే చారిటీ హోదా ఉండాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. చారిటీ అంటే బయటివాళ్ళకీ మేలు జరగాలి, సభ్యులు సభ్యుల కోసమే వేసుకునే చావు ఫండు అందులో ఇమడదు. ఊళ్ళో ఆసుపత్రికిచ్చే డబ్బు ఒక ఖాతా, ఈ ఫండు వేరే ఖాతా. చెక్కు మీద రెండు సంతకాలు.

దేశం పేరుతో సంఘం వద్దని కాదు. అక్టోబర్ 1 స్వాతంత్ర్య దినానికి హాలు మాట్లాడాలన్నా, కాన్సులేట్ దూరంగా ఉన్న ఊరికి పాస్‌పోర్టు అధికారుల్ని రప్పించాలన్నా అదే ఉండాలి. ప్రవాసుల కోసం 2017 చట్టంతో వచ్చిన నిడ్‌కామ్ కమిషన్‌తో మాట్లాడేటప్పుడూ అంతే. ఊరి సంఘాల ప్రెసిడెంట్లనే అందులో కూర్చోబెడితే పని నడుస్తుంది, చందా మాత్రం హాలు అద్దెకి సరిపోయేంతే పెట్టాలి.