నెట్‌వర్క్ మాన్యువల్‌లో అక్షరదోషం: దిద్దవలసినదీ, వదిలేయవలసినదీ

సభలోని పెద్దలకు, ఇంజనీరింగ్ కళాశాలల నుంచి వచ్చిన విద్యార్థులకు, పగలంతా సర్వర్లతో వేగి సాయంత్రానికి విశాఖలోని ద్వారకానగర్ చేరుకున్న నా తోటి నెట్‌వర్క్ ఉద్యోగులకు నమస్కారం.

మా నాన్నగారు ఈ ఊళ్లోనే, పూర్ణా మార్కెట్ దాపున ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేసేవారు. సీసపు అక్షరాలను అరల్లోంచి ఏరి, ఒక్కొక్కటే వరుసలో పేర్చి, ప్రూఫు తీసి, దిద్దేవారి బల్ల మీద పెట్టడం ఆయన పని. దిద్దుబాటును తప్పించుకుని అచ్చులోకి ఎక్కినవాటిని ముద్రారాక్షసాలు అనేవారు. వాటికోసం పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఒకటి చేర్చేవారు. ఆ పట్టికలో ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు, అంతే. కోడ్‌ను ఎవరైనా చదివి దిద్దగల ఓపెన్ సోర్స్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ల మాన్యువళ్లకు ఆ రెండు వరుసలు చాలవు. తప్పని అందరికీ తెలిసినా అలాగే ఉండవలసిన మాటలు వాటిలో ఉన్నాయి. తప్పులా కనిపించే ఒప్పులూ ఉన్నాయి. అందుచేత అక్షరం దిద్దడానికి కూర్చున్నవారు ముందు ఆ అక్షరం మనిషి చదివేదా, యంత్రం పాటించేదా అని తేల్చుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఈ ఒక్క సంగతే.

ఈ పనిలోకి నేను కావాలని రాలేదు. కొన్నేళ్ల కిందట గాజువాకలోని ఒక గిడ్డంగికీ, శ్రీకాకుళంలో ఉన్న దాని శాఖ కార్యాలయానికీ మధ్య వీపీఎన్ సొరంగం, అంటే ఇంటర్నెట్ గుండా ఒక ప్రైవేటు దారి, ఏర్పాటు చేశాను. పగలు బాగానే నడిచేది, రాత్రి రాకపోకలు తగ్గగానే తెగిపోయేది, తెల్లవారగానే శ్రీకాకుళం నుంచి ఫోను వచ్చేది. మధ్యలో ఉండి చిరునామాలు మార్చే నాట్ (NAT) పరికరం, కాసేపు కదలిక లేని సంబంధాలను తన పట్టికలోంచి తీసేస్తుంది కాబట్టి, మాటామంతీ లేనప్పుడు కూడా అప్పుడప్పుడూ ఒక చిన్న ప్యాకెట్ పంపుతూ ఉండే అమరిక ఒకటి ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. దాన్ని మాన్యువల్‌లో చెప్పినట్టే, పొల్లు పోకుండా రాశాను. మూడు రాత్రులు ఫైర్‌వాల్‌ను, రౌటర్‌ను, చివరికి ఇంటర్నెట్ ఇచ్చేవారిని కూడా అనుమానించాను. నాలుగో రాత్రి సోర్స్ కోడ్ తెరిచి చూస్తే, ఆ అమరిక పేరులో ఉండవలసిన ఒక ఇంగ్లీషు 'ఈ' అక్షరం మాన్యువల్‌లో లేదు. తనకు తెలియని పేరు ఎదురైతే ఆ ప్రోగ్రాం అభ్యంతరం చెప్పదు, చూడనట్టు దాటిపోతుంది. సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అనవసరం.

ఆ ఒక్క అక్షరం చేర్చి పంపినదే నా మొదటి ప్యాచ్, అంటే దిద్దుబాటు. ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే మెయింటైనర్ మర్యాదగానే జవాబిచ్చారు గానీ, అదే తప్పు నమూనా కాన్ఫిగరేషన్ ఫైలులోనూ మరో అధ్యాయంలోనూ ఉందేమో చూశారా అని అడిగారు, మార్పుతో పాటు నమోదయ్యే కమిట్ సందేశంలో కారణం రాసి మళ్లీ పంపమన్నారు. ఒక్క అక్షరానికి ఇంత తతంగమా అని అప్పట్లో చిన్నబుచ్చుకున్న మాట నిజం.

ఆ తతంగం ఎందుకో నాకు మన రేవును తలచుకుంటే అర్థమయింది. సముద్ర పటాల్లో ఏదైనా మారితే, అంటే ఒక దీపం స్వభావమో ఒక చోట లోతో మారితే, డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపక కార్యాలయం నావికులకు ప్రకటన జారీ చేస్తుంది. కాగితపు పటం వాడే ఓడలో ఆ బాధ్యత గల అధికారి దాన్ని చదివి, పటం మీద చేత్తో దిద్ది, ఏ సంఖ్య గల ప్రకటన ప్రకారం దిద్దారో పటం అంచున నమోదు చేస్తారు. ఆ సంఖ్య లేకపోతే తరువాత డ్యూటీకి వచ్చేవారికి ఆ పటం ఎంతవరకు నమ్మదగినదో తెలియదు. కమిట్ సందేశం చేసే పని కూడా అదే. పదేళ్ల తరువాత ఒకరు ఆ వాక్యం ఇలా ఎందుకుందని మార్పులను భద్రపరిచే గిట్ చరిత్రలో వెతికితే, 'తప్పు దిద్దాను' అన్న రెండు మాటలు వారికి ఏమీ చెప్పవు. 'సోర్స్‌లో పేరు ఇలా ఉంది, మాన్యువల్‌లో అలా ఉంది, మాన్యువల్‌ను సోర్స్‌కు అనుగుణంగా మార్చాను' అన్న వాక్యం చెబుతుంది.

వెతకడం అన్నాను కాబట్టి ఒక మాట. మన ఊరి పేరే చూడండి: పాత ఇంగ్లీషు రికార్డుల్లో వైజాగపటం, రైల్వేవారికి చాలాకాలం వాల్తేరు, ఇప్పుడు విశాఖపట్నం. ఒక పేరుతో వెతికితే మరో పేరు కింద ఉన్న కాగితం దొరకదు. నెట్‌వర్క్ మాన్యువల్‌ను ఎవరూ మొదటి నుంచి చివరి దాకా చదవరు. అర్ధరాత్రి లింకు పడిపోయినప్పుడు తెరిచి, ఒక మాట కొట్టి, అది ఉన్న చోటికి దూకుతారు. 'రిసీవ్' అన్న ఇంగ్లీషు మాటలో ఈ, ఐ అక్షరాలు తారుమారైతే చదివే మనిషి సులువుగానే సర్దుకుంటాడు. మాటలు వెతికే గ్రెప్ ఆదేశం సర్దుకోదు. ఆ పేరా అసలు లేనట్టే లెక్క.

ఇక దిద్దకూడని తప్పుల సంగతి. వీటిలో అగ్రతాంబూలం, బ్రౌజర్లూ వెబ్ సర్వర్లూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీలోని 'రెఫరర్' శీర్షికకు ఇవ్వాలి. ఏ పేజీలోని లింకు నొక్కి ఇక్కడికి వచ్చారో సర్వర్‌కు తెలిపే శీర్షిక, అంటే బ్రౌజర్ పంపే ఒక సమాచార పంక్తి, అది. ఇంగ్లీషు నిఘంటువు ప్రకారం ఆ మాట మధ్యలో రెండు 'ఆర్' అక్షరాలు ఉండాలి. ఫిలిప్ హాలం-బేకర్ ప్రతిపాదించిన ఆ శీర్షికలో ఒకటే పడింది, 1996 మే నెలలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1945లోకి (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుస, ఇది అందులో 1945వది) అలాగే ఎక్కింది. అప్పటికే బ్రౌజర్లూ సర్వర్లూ ఆ స్పెల్లింగుతోనే మాట్లాడుకుంటున్నాయి. ఒక పక్షం దిద్దుకుంటే రెండో పక్షానికి ఆ శీర్షిక అర్థం కాదు. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా ఆ తప్పును తప్పుగా గుర్తిస్తూనే యథాతథంగా ఉంచింది. తమాషా ఏమిటంటే, ఆ సమాచారాన్ని ఎంతవరకు పంపాలో నిర్ణయించే మరో శీర్షిక తరువాతి కాలంలో వచ్చింది. 'రెఫరర్-పాలసీ' అనే ఆ శీర్షికలో రెండు 'ఆర్'లూ ఉన్నాయి. అందువల్ల ఒక వెబ్ సర్వర్ మాన్యువల్‌లో ఒకే పేజీలో ఈ మాట రెండు రకాలుగా కనిపించవచ్చు, రెండూ సరైనవే కావచ్చు. ఎడిటర్‌లో అన్నింటినీ ఒకేసారి మార్చే ఆదేశం ఇచ్చినవారు అక్కడ పని చెడగొడతారు. అదే మాట మామూలు వాక్యంలో, శీర్షిక పేరుగా కాకుండా వస్తే మాత్రం రెండు 'ఆర్'లతో దిద్దవలసిందే.

యూనిక్స్‌లో ఫైలు సృష్టించే సిస్టం కాల్ (ఆపరేటింగ్ సిస్టంను పని అడిగే పిలుపు) పేరు 'క్రియేట్' అనే ఇంగ్లీషు మాటే, కానీ దాని చివర 'ఈ' లేదు. మళ్లీ యూనిక్స్ రాయవలసి వస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' చేరుస్తానని దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ అన్నట్టు ప్రసిద్ధి. చేర్చలేదు, చేర్చలేరు కూడా.

ఆర్‌ఎఫ్‌సీల విషయంలో మా నాన్నగారి తప్పొప్పుల పట్టికే ఇప్పటికీ నడుస్తోంది. 1969 ఏప్రిల్ 7 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1 మొదలు వాటి సంప్రదాయం ఒకటే: ఒకసారి ప్రచురించిన పాఠాన్ని మళ్లీ ముట్టరు. తప్పు కనిపిస్తే దాన్ని విడిగా నమోదు చేస్తారు. అది సాంకేతికమా, సంపాదకీయమా అని వర్గీకరిస్తారు. పరిశీలించి ఒప్పుకుంటారు, లేదా తిరస్కరిస్తారు, లేదా కొత్త కూర్పు వచ్చినప్పుడు చూద్దామని పక్కన పెడతారు. మన మాన్యువల్ ఒక ఆర్‌ఎఫ్‌సీ నుంచి వాక్యాన్ని ఉటంకిస్తున్నప్పుడు, అందులోని దోషాన్ని మనం మౌనంగా దిద్దితే అది ఉటంకింపు కాకుండా పోతుంది.

తప్పులా కనిపించే ఒప్పులు నెట్‌వర్క్ రంగంలో కోకొల్లలు. లైనక్స్ ఫైర్‌వాల్ అయిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ నియమాల్లో ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ గుండా లోపలికి వచ్చిందో చెప్పే మాట 'ఐ ఐ ఎఫ్'. కొత్తవారికి అది 'ఇఫ్' అనే మాటలో ఒక 'ఐ' ఎక్కువ పడినట్టు అనిపిస్తుంది. ఐపీ ఆరో వెర్షన్‌లో పొరుగు యంత్రాలను కనుగొనే పద్ధతికి వాడే 'ఎన్‌డీ' అనే పొడి అక్షరాలు, మొదటి అక్షరం ఎగిరిపోయిన 'అండ్' లాగా ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువమంది బోల్తాపడేది అంకెల దగ్గర. మాన్యువల్‌లో 192.0.2.1 అనే ఐపీ చిరునామా చూసి, ఇది 192.168.2.1 అయి ఉంటుందని సదుద్దేశంతో దిద్దుతారు. అది పొరపాటు కాదు. ఉదాహరణల కోసమే 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24 అనే మూడు శ్రేణులను ప్రత్యేకించి ఉంచారని 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5737 చెబుతుంది. పాఠకుడు ఉదాహరణను ఆలోచించకుండా నకలు చేసినా నిజమైన ఏ యంత్రానికీ హాని జరగకూడదని ఆ ఏర్పాటు.

ఒప్పులా కనిపించే తప్పుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చిన్న గీత. యూనిక్స్ ఆదేశాల మాన్యువళ్లైన మాన్ పేజీలు రాసే ట్రాఫ్ భాషలో మామూలు హైఫన్ గుర్తుకు అర్థం రెండు మాటలను కలిపే గీత అని. ఆదేశంతో పాటు టైపు చేసే ఐచ్ఛికాల ముందు గీత కావాలంటే దాని ముందు వెనక్కి వాలిన గీత ఒకటి రాయాలి. రచయిత అది మరిచిపోతే, కొన్ని వ్యవస్థల్లో తెర మీద కంటికి అలాగే కనిపించే వేరే యూనికోడ్ గుర్తు పడుతుంది. దాన్ని నకలు చేసి టెర్మినల్‌లో అతికిస్తే ఆదేశం పనిచేయదు, పేజీలో ఆ ఐచ్ఛికం కోసం వెతికితే దొరకదు. వెబ్ పేజీలుగా మార్చే కొన్ని పనిముట్లు పక్కపక్కన ఉన్న రెండు హైఫన్లను కలిపి ఒక పొడుగాటి గీత చేస్తాయి, నిటారు కొటేషన్ గుర్తులను వంపు తిప్పుతాయి. అక్షరాస్యులెవరూ దీన్ని స్పెల్లింగు తప్పు అనరు. ఆదేశాలు అందుకునే షెల్ అంటుంది.

తరువాతిది, ఏ పనిముట్టుకీ దొరకని రకం. 'కాదు, లేదు' అనే అర్థం గల 'నాట్' ఉండవలసిన చోట 'ఇప్పుడు' అనే అర్థం గల 'నౌ' పడుతుంది. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. 'ఈ సదుపాయం అందుబాటులో లేదు' అని రాయబోయి 'ఈ సదుపాయం ఇప్పుడు అందుబాటులో ఉంది' అని చెప్పినట్టవుతుంది. కోడ్‌స్పెల్ అనే పనిముట్టు చాలామందికి తెలిసే ఉంటుంది. అది నిఘంటువులో లేని ప్రతి మాటనూ పట్టుకోదు. అలా పట్టుకుంటే మల్టీకాస్ట్, నెట్‌మాస్క్ వంటి మాటలతోనే తెర నిండిపోతుంది. తరచుగా జరిగే తప్పుల జాబితా ఒకటి పెట్టుకుని, వాటిని మాత్రమే చూపిస్తుంది. లైనక్స్ కెర్నల్‌లోనూ ఇలాంటి జాబితా ఒకటి ఉంది, ప్యాచ్‌లను పరీక్షించే చెక్‌ప్యాచ్ దాన్ని వాడుకుంటుంది. ఇవి మంచి పనిముట్లు. అయితే అవి వేలు చూపించిన చోటికి వెళ్లి వాక్యమంతా చదవడం మన వంతు.

చదవకుండా దిద్దితే ఏమవుతుందో 2020 అక్టోబరులో లోకమంతా చూసింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపినవారికి అప్పట్లో టీషర్టు ఇచ్చిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో, అర్థం లేని చిన్న మార్పులు ప్రాజెక్టుల మీద వెల్లువెత్తడంతో, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేస్తూ నెల మొదటి వారంలోనే నిబంధన మార్చవలసి వచ్చింది. చాలావరకు విద్యార్థుల వయసువారే ఆ ఉత్సాహానికి గురవుతారు కాబట్టి చెబుతున్నాను: బ్రిటిష్ స్పెల్లింగును అమెరికన్ స్పెల్లింగుగా, అమెరికన్‌ను బ్రిటిష్‌గా మార్చడం దిద్దుబాటు కాదు. మనం బడిలో నేర్చుకున్నది బ్రిటిష్ పద్ధతే గనుక అమెరికన్ స్పెల్లింగు మనకు తప్పులా తోస్తుంది. ప్రాజెక్టు ఏ పద్ధతి ఎంచుకుందో అదే అక్కడ ఒప్పు. అలాగే మూడువందల తప్పులను ఒకే ప్యాచ్‌లో కుక్కి పంపితే, పరిశీలించేవారికి కళ్లు తిరుగుతాయి, పాత వెర్షన్ల శాఖలకు నిజమైన మరమ్మతులు తీసుకువెళ్లేటప్పుడు అడుగడుగునా ఘర్షణ వస్తుంది.

తెలుగు అనువాదాలు చేసేవారు సభలో ఉన్నారని విన్నాను. మీకు ఈ నొప్పి బాగా తెలుసు. సాఫ్ట్‌వేర్ అనువాదాలకు వాడే గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి. అక్కడ ఒక కామా దిద్దినా, అన్ని భాషల్లోనూ ఆ వాక్యపు అనువాదం సందేహాస్పదమని గుర్తుపడుతుంది, ఎవరైనా మళ్లీ చూసి సరే అనేవరకు వినియోగదారుడికి ఇంగ్లీషే కనిపిస్తుంది. దిద్దవద్దని కాదు. విడుదలకు రెండు రోజుల ముందు దిద్దవద్దని.

నా మొదటి ప్యాచ్ కథ అక్కడితో ముగియలేదు. మాన్యువల్ సరిచేశాక, తెలియని పేరు కనబడితే ప్రోగ్రాం ఆగిపోవాలని నేనే ప్రతిపాదించాను. మెయింటైనర్ ఒప్పుకోలేదు. పాత మాన్యువల్‌ను నమ్మి, నాలాగే ఆ తప్పు పేరును తమ ఫైళ్లలో రాసుకున్నవారు ఎందరో ఉంటారు. ఒక రాత్రి అప్‌గ్రేడ్ చేయగానే వారి సొరంగాలన్నీ లేవకుండా పోతాయి అన్నారు. చివరికి ఆ తప్పు స్పెల్లింగును కూడా ప్రోగ్రాం అంగీకరించి, ఒక హెచ్చరిక రాసి, సరైన పేరుగానే భావించేటట్టు చేశారు. ఆ సంగతి తెలిపే వాక్యం ఒకటి మాన్యువల్‌లో చేరింది. అందులో ఆ మాట 'ఈ' అక్షరం లేకుండానే ఉంటుంది. ఏడాదికి ఒకరిద్దరు దాన్ని దిద్ది ప్యాచ్ పంపుతూనే ఉన్నారు; వారికి జవాబు రాసే పని ఇప్పుడు నాది.